ఒక పిలక

వసారాలో పాత చీర పరచి, కడిగిన కరివేపాకును నీడకు ఆరబోస్తున్న జ్ఞానరత్నం తలెత్తి చూసింది.

ప్రహరీ మీదుగా వచ్చిన ఒక చేయి ఆమె చెట్టు కొమ్మను పట్టుకుని ఉంది.

నెల రోజులుగా ఆకు మాయమవుతోంది. ఇన్నాళ్లకు దొంగ దొరికింది.

"ఎవరది?"

చేయి బెదరలేదు. నెమ్మదిగా కొమ్మను వదిలింది. గేటు దగ్గరకు వచ్చినామెకు అరవై ఏళ్లుంటాయి. నేత చీర, భుజాన సంచి.

"కోయలేదమ్మా. వాసన సూసినాను, అంతే."

"వాసన చూడటానికి బజారులో కరివేపాకు కరువా?"

ఆమె నవ్వింది. "ఆకు వద్దు తల్లీ. మొదట్లో పిలకలు లేచినాయి కదా, ఒకటి ఇప్పించు. ఊరు మారిపోతన్నాను. అక్కడ పెట్టుకుంటాను."

"ఇవాళ పిలక అంటారు. రేపు చెట్టే మాదంటారు."

ఆమె చెట్టు మొదలు వైపు ఒకసారి చూసింది. సంచిలోంచి ఏదో పొడి నింపిన చిన్న గాజు సీసా తీసి గేటు దిమ్మ మీద పెట్టింది.

"వట్టి సేతులతో రాకూడదని తెచ్చినాను. ఉంచు."

"ముక్కూ మొహం తెలియనివాళ్ల తిండి మేం తినం."

ఆమె సీసా అక్కడే వదిలి, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ సందు మలుపు తిరిగిపోయింది.

జ్ఞానరత్నం ఆ సీసాను మూతైనా తీయకుండా, పక్క క్వార్టర్‌కు కొత్తగా వచ్చిన జోగమ్మకు ఇచ్చేసింది. మళ్లీ ఎవరూ అడగకుండా పిలకలన్నీ పీకి చెత్తలో వేసింది.

తాము రాకముందే ఎవరో నాటిన ఆ చెట్టంటే ఆమెకు ప్రాణం. ఇరవై ఏళ్ల క్రితం భర్త సిరిల్‌కు ఈ రైల్వే క్వార్టర్ కేటాయించిన రోజు జోరువాన. సామాను లారీ రాలేదు. పిల్లలిద్దరూ ఆకలికి ఏడుస్తుంటే, ఖాళీ వంటింటి అలమారలో అంతకుముందున్నవారు వదిలివెళ్లిన సీసా ఒకటి దొరికింది. కరివేపాకు పొడి. స్టేషన్ దగ్గర కొన్న అన్నంలో అది కలిపి పెడితే పిల్లలు కడుపునిండా తిని నిద్రపోయారు.

ఆ పొడిని రుచి చూసి చూసి, గంధరాజ్ అనే సువాసన నిమ్మ ఆకును ఎండబెట్టి కలిపారని కనిపెట్టింది. నాటి నుంచి తానూ అలాగే చేస్తోంది. ఆ గుట్టు ఎవరికీ చెప్పలేదు. కానీ భోజనానికి ముందు ప్రార్థనలో, ఆ తెలియని చేతిని దీవించమని ఏ పూటా అడగకుండా ఉండదు.

ఆదివారం జోగమ్మ ఖాళీ సీసాతో వచ్చింది.

"వదినా, నీ పొడి మా ఆయన ఇడ్డెన్లలోకే ఊడ్సేసినాడు."

"అది నా పొడి కాదు."

"ఊరుకో. కరేపాకు పొడిలో నిమ్మాకు ఏసేది ఈ ఊళ్ళో నువ్వు కాక ఇంకెవరు? నువ్వు దాస్తే మాత్రం వాసన దాగుద్దేటి?"

జ్ఞానరత్నం సీసా అందుకుంది.

"ఇంకో మాట. కోప్పడకు. నెల్లాళ్లుగా నీ ఆకు కోసినది నేనే. అడిగితే నువ్వు రెబ్బైనా ఇవ్వవు కదా."

జ్ఞానరత్నం వినలేదు. మూత తీసి వాసన చూసింది. లేచి చెట్టు మొదటికి వెళ్లింది. పిలకలు పీకిన గుంటలు తప్ప అక్కడేమీ లేదు.

"ఏటయింది వదినా? ఎవరిచ్చినారు నీకది?"

తాను ఆమె పేరు అడగలేదు. ఏ ఊరు పోతోందో అడగలేదు.

ఇరవై ఏళ్లుగా పూటపూటా తాను దీవెనలు కోరిన చేయే, మొన్న ప్రహరీ మీదుగా ఆ కొమ్మను పట్టుకుంది.