మూడు వందల నలభై అయిదు వాట్లు

బోర్డు మీద సుద్దముక్క ఆగాక గానీ భానుశ్రీకి తానేం రాసిందో తెలియలేదు.

'వోల్టేజి 230, కరెంటు 1.5. నిరోధం ఎంత? పవర్ ఎంత?'

ఏదో ఒక అంకె వేయబోయి, పొద్దస్తమానం బుర్రలో తిరిగే అంకెలే వేసేసింది. అవి ఇంట్లో అమ్మ మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ వెనక ఉన్న అంకెలు.

ముందు బెంచీలో ఆర్తి చెయ్యెత్తింది. భానుశ్రీ అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ జయమ్మాళ్ మనవరాలు.

"భాగిస్తే నూట యాభై మూడు ఓమ్‌లు, గుణిస్తే మూడొందల నలభై అయిదు వాట్లు మిస్. అది ఏ వస్తువు?"

"హీటర్ అనుకో."

"పాండిచ్చేరిలో హీటరా మిస్?"

క్లాసంతా నవ్వింది. భానుశ్రీ గబగబా బోర్డు తుడిచేసింది.

మూలకుళంలో మేడమీద వాటా ఇచ్చేటప్పుడే జయమ్మాళ్ ఖండితంగా చెప్పింది. "నా ఇంట్లో ఎవురూ పోకూడదమ్మా. నక్షత్రం బాగలేని దినం ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాల."

భానుశ్రీ బుద్ధిగా తలూపింది. తర్వాత యానాం నుంచి అమ్మను తెచ్చి, ఓనరమ్మ గుడికెళ్ళిన సమయం చూసి పైకెక్కించింది. అమ్మ ఊపిరితిత్తులు చెడిపోయాయి. మిషన్ ఆగితే బతకదు. కరెంటు పోతే చిన్న సిలిండరే దిక్కు. ఇన్వర్టర్ అడిగితే గుట్టు రట్టవుతుంది. రోజూ అమ్మ మీద తాళం వేసి బడికి రావడం తలచుకుంటే తన మీద తనకే అసహ్యం.

ఆ సాయంత్రం మెట్ల కింద ఎలక్ట్రీషియన్ గణేశన్ పై వాటా తీగకు మీటరు తగిలించి చూస్తున్నాడు. పక్కనే జయమ్మాళ్, ఆర్తి.

"పైన ఎవురూ లేకున్నా ఒకటిన్నర ఆంపియర్ లాగతా ఉందంట. ఏందమ్మా అది?" అంది జయమ్మాళ్.

"ఫ్రిజ్ అండి."

"ఆగకుండా తిరిగే ఫ్రిజ్జా?" గణేశన్ నవ్వాడు.

"ఇది మిస్ ఇచ్చిన లెక్కే పాటీ!" అంది ఆర్తి అవ్వతో.

అంతలో పైనుంచి దగ్గు వినిపించింది. భానుశ్రీ గబుక్కున తనూ దగ్గింది.

జయమ్మాళ్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "గణేశా, రేపు వచ్చి పై లైను విప్పు."

లైను విప్పితే మిషన్ ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్నే భానుశ్రీ బడికి సెలవు పెట్టి, గణేశన్ వచ్చేలోగా ఇల్లు చూసుకోవాలని అరియాంకుప్పం వెళ్ళింది. మంచాన పడిన మనిషి ఉందనగానే అందరూ తలుపులు వేసుకున్నారు.

తిరిగొచ్చే బస్సులో ఉండగా వాన దంచేసింది. దిగేసరికి వీధంతా కరెంటు పోయింది. దుకాణాల్లో కొవ్వొత్తులు. పరుగెత్తింది. మెట్లెక్కితే, తీసిన తాళం గొళ్ళేనికి వేలాడుతోంది.

అయిపోయింది అనుకుంది.

లోపల ఫ్యాను లేదు, లైటు లేదు. మిషన్ మాత్రం గుర్రుమంటోంది. అమ్మ ఊపిరి తీసుకుంటోంది. మంచం అంచున జయమ్మాళ్ రసం గిన్నెతో కూర్చుంది, ఒళ్ళో తన దగ్గరుండే రెండో తాళంచెవి. కిటికీలోంచి మిషన్ దాకా కొత్త తీగ ఒకటి వచ్చి ఉంది.

"క్షమించండి..." అనబోయింది భానుశ్రీ.

"నా ఇంట్లో ఎవురూ పోకూడదని నీకు ముందే చెప్పినా కదమ్మా, అందుకే మీ అమ్మ మిషన్‌కు చాలేంత బ్యాటరీ కింద పెట్టించినా."