గట్టి అర్జీ

“ఈసారి చివరిదాకా చదివితేగానీ ఇక్కణ్ణుంచి కదలను,” అంటూ హెస్టర్ నాలుగు పేజీల అర్జీని ఫీజుల ఆఫీసు కిటికీలోంచి లోపలికి తోసింది.

కిటికీకి అవతల ఒగ్డెన్ సగం తిన్న చీజు శాండ్‌విచ్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అలవాటు కొద్దీ ముందు ఎర్రసిరా ముద్ర అందుకున్నాడు. ‘నిరాకరించడమైనది’ అని ఉంటుంది దాని మీద. చదవకముందే ముద్ర పట్టుకునే మనిషికి ఎవరేం చెప్పగలరు?

విద్యార్థి సంఘంలో సలహాదారుగా హెస్టర్ చేరి మూడు వారాలైంది. యూనివర్సిటీకి బాకీ పడ్డ పిల్లలు తన దగ్గరికొస్తే, వాయిదాల్లో కట్టుకోనివ్వమని వాళ్ల తరఫున అర్జీ రాయడం ఆమె పని. ఇప్పటికి నాలుగు రాసింది. నాలుగింటికీ ఒగ్డెన్ మూడో వాక్యం దగ్గరే ధన్‌మని ముద్ర గుద్దేశాడు. పైగా ప్రతిసారీ ఏదో ఘనకార్యం చేసినవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఐదోది బ్రయొనీ అనే పిల్లది. ఫీజు బాకీ పన్నెండు వందల అరవై పౌండ్లు. సాయంత్రం నాలుగింటికల్లా ఏదో ఒకటి తేలకపోతే, శుక్రవారం పట్టా పుచ్చుకునేవాళ్ల జాబితాలో ఆమె పేరుండదు. ఇప్పుడు మూడున్నర.

“పోనీలే హెస్టర్. అమ్మమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తా,” అని వెనక నుంచి గొణిగింది బ్రయొనీ.

“ఆవిడ టోపీ కొనుక్కుందన్నావు కదా?”

“కొంది. దాని మీద ఈకలతో సహా ఒక పిట్ట కూడా ఉంది.”

“అయితే ఆ పిట్ట శుక్రవారం ముందు వరసలో కూర్చోవాల్సిందే. నువ్వెళ్లి ఆ బెంచీ మీద కూర్చో.”

ఒగ్డెన్ చదువుతున్నాడు. మూడో వాక్యం దాటింది. మొదటి పేజీ కూడా దాటింది. ముద్ర పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

“సంపాదన రుజువేదీ?” అన్నాడు.

“మూడో పేజీ. సోమవారం నుంచి పసిపిల్లల బడిలో ఉద్యోగం. ఉత్తర్వు జత చేశాను.”

“హామీ ఎవరు?”

“వాళ్ల అమ్మమ్మ. విట్బీలో సొంతిల్లుంది.”

“మరి ప్రొఫెసరు సిఫార్సో?” ఆశగా అడిగాడు.

“ఒకటి కాదు, రెండు.”

ఒగ్డెన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. తేదీలు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఒక సంతకాన్ని దీపం కింద పెట్టి చూశాడు.

“ఏడో నిబంధన ప్రకారం,” అంది హెస్టర్, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ, “ఈ మూడూ ఉంటే మీరు ఒప్పుకుని తీరాలి.”

“తెలుసమ్మాయ్. ఆ నిబంధన రాసింది నేనే.”

“అయితే ఒక్క తప్పు చూపించండి, చూస్తాను!”

“లేదు,” అన్నాడు ఒగ్డెన్ దిగులుగా. “ఒక్కటంటే ఒక్కటి లేదు.”

హెస్టర్ సంతోషం పట్టలేకపోయింది. మూడు వారాల ఉక్రోషం ఒక్కసారిగా తీరింది. “ఇన్నాళ్లూ పిల్లల ఉసురు పోసుకున్నారు. ఈ ఒక్కసారికైనా పుణ్యం కట్టుకోండి, ఒగ్డెన్ గారూ. సంతకం పెట్టండి.”

ఒగ్డెన్ కలం తీశాడు. మూత పెట్టేశాడు. ఆ తర్వాత కిటికీ మూసి, పక్క తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఇన్నాళ్లూ ఆ కిటికీలో ఆయన నడుం పైభాగమే చూసినవాళ్లకి, ఆయనకి కాళ్లు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. బెంచీ మీద బ్రయొనీ బెదిరిపోయి లేచి నిలబడింది. ఆయన హెస్టర్‌ని టీ మిషను వెనక్కి పిలుచుకుపోయాడు.

“నీకు ముందు ఈ పని చేసిన మాడ్ నీకేమీ చెప్పి వెళ్లలేదా?”

“తాళాలు నా చేతిలో పడేసి స్పెయిన్ విమానం ఎక్కేసింది. ఏం చెప్పాలి?”

“అదే అనుకున్నాను. నేను ముద్ర కొట్టిచ్చిన ఆ నాలుగు కాగితాలూ ఏం చేశావు?”

“ఏం చేస్తాను? ఫైల్లో పడేశాను.”

“చింపలేదుగా! బతికించావు,” అని ఆయన గుండెల మీద చెయ్యేసుకున్నాడు. “వాటినీ బయటికి తియ్యి, ఇవాళే.”

“ఎందుకు? మీ ఘనత గోడకి వేలాడదీసుకోవడానికా?”

ఒగ్డెన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నేను ఒప్పుకున్నాననుకో, ఆ పిల్ల మూడేళ్ల పాటు నెలకి ముప్పై అయిదు పౌండ్లు కట్టాలి. అదే నేను కాదన్నాననుకో, ఆ ముద్రకాగితం చూపించిన నిమిషంలో మీ సంఘం సహాయనిధే బాకీ మొత్తం కట్టేస్తుంది. ఇంకా పావుగంట టైముంది. పరుగెత్తుకెళ్లి ఆ సిఫార్సులు పీకేసి, కాస్త దరిద్రంగా రాసి పట్రా తల్లీ!”