దిగనేదు మామ్మా

"దిగనేదు మామ్మా," అన్నాడు అజయ్, అండమాన్ నుంచి ఫోన్లో.

మంత్రం వేసి ఇంతసేపయింది, ఇంకా విషం దిగలేదంటాడేమిటి ఈ గుంటడు? ఎప్పుడూ ఇలా లేదు. కుట్టిందంటాడు, మంత్రం వేయించుకుంటాడు, దిగిందంటాడు, పెట్టేస్తాడు. వానలో నిలబడ్డ సుక్రి గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

అరకు దగ్గర ఈ కొండ మీద తేలు కుట్టినా జెర్రి కుట్టినా గాసి మంత్రమంటే మంత్రమే. దానికో పద్ధతుంది. కుట్టించుకున్నవాడితో గాసి నేరుగా మాట్లాడకూడదు. పెళ్లాం సుక్రి ఫోనెత్తి, ఏం కుట్టిందో ఎక్కడ కుట్టిందో కనుక్కుని, ఫోను ఆయన నోటి దగ్గర పెట్టాలి. ఆయన పెదాలు కదిలీ కదలనట్టు గుసగుసగా చదవాలి. ఆ మాటలు అవతలివాడికి అర్థమయ్యాయో, మంత్రం చెడుతుంది. చివర్లో సుక్రి "దిగిందా?" అని అడగాలి. దిగింది అన్నాక అవతలివాడు ఇంకో మాట లేకుండా ఫోను పెట్టేయాలి. ఉంటాననకూడదు, మీ మేలు మర్చిపోననకూడదు. అన్నాడంటే దిగిన విషం మళ్లీ ఎక్కుతుంది.

అంతా బాగానే ఉంది గానీ, గాసి పోయి ఏడాది దాటింది.

మంత్రమూ ఆయనతోనే పోయింది. పెళ్లానికైనా చెప్పకూడదని కట్టుబాటు. ఇప్పుడు కొండ మీద ఎవరిని ఏం కుట్టినా బండెక్కి ఆసుపత్రికి పోతున్నారు, మంచిదే. సుక్రి గడప తొక్కే మనిషి మాత్రం లేడు. పిల్లా పీచూ లేరు. పొద్దస్తమానం కాఫీ తోటలో మొక్కలతోనే మాట్లాడుకుంటుంది, అవి ఊఁ అని కూడా అనవు. అలాంటప్పుడు వచ్చింది ఈ అజయ్ ఫోను. పాచిపెంట వైపు కొండలవాడు, ఊళ్లో ఎవరి దగ్గరో గాసి నంబరు తీసుకున్నాడట. సముద్రం అడుగు చూస్తామని వచ్చేవాళ్లకి వీపున గాలి సిలిండర్లు కట్టి, వెంట ఉండి నీళ్లలోకి దింపే పని. జెల్లీ ఫిష్ కుట్టిందనీ, తాత చేత మంత్రం వేయించమనీ అడిగాడు. తాత లేడని చెప్పబోయింది సుక్రి. నోరు రాలేదు. చెబితే ఈ ఒక్క గొంతూ పోతుంది కదా! ఇక్కడే ఉన్నాడు బాబూ, ఉండు, అనేసింది. ఆనక తనే గుసగుసలాడింది.

ఏం చదివిందంటే ఏం చెబుతాం, నోటికొచ్చింది చదివింది. ఆ రోజు ఏం వండుకుందో, ఎందుకు తినబుద్ధి కాలేదో. గుసగుస వినపడితే చాలు, మాటలెవరిక్కావాలి?

అప్పట్నుంచి అజయ్‌ని సముద్రంలో కుట్టని జీవి లేదు. సుక్రి సముద్రం మొహం చూసిన మనిషి కాదు, అయినా అందులోని పురుగూ పుట్రా అంతా ఆమెకి నోటికొచ్చేసింది. జెల్లీ ఫిష్ అయితే వెనిగర్ పోయాలి, మంచినీళ్లు పోయకూడదు, రుద్దకూడదు. ముళ్లచేప గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టాలి. అన్నీ వాడు చెప్పినవే, వాడు కుట్టిందన్న ప్రతిసారీ మళ్లీ వాడికే అప్పజెప్పేది.

ఇవాళ వరస వేరుగా ఉంది. ఒడ్డున నీళ్లలో చెయ్యి పెడితే ముళ్లచేప గుచ్చిందట. ముల్లు తీశావా అంటే తీశానన్నాడు. వేడినీళ్లంటే అదీ అయిందన్నాడు. మంత్రం వేసింది. దిగలేదన్నాడు. మళ్లీ వేసింది, ఈసారి ఇంకాస్త పొడుగ్గా. అయినా దిగలేదన్నాడు. వాడికి ఊపిరి తెగి తెగి వస్తోంది, మాట సగంలో ఆగిపోతోంది.

"పక్కన ఎవులున్నారు నాయనా?"

"ఎవుల్లేరు మామ్మా. వానలు గదా, బోట్లు కట్టేసినారు. అందరూ ఊళ్లకెల్లిపోనారు. ఇక్కడ కాపలా నానొక్కడ్నే."

ఊపిరి అందడం లేదంటే అది మంత్రాలకి లొంగే విషం కాదని గాసే అనేవాడు. లేని మంత్రాన్ని నమ్ముకుని వీడు అక్కడే కూర్చుంటే పీనుగై తేలతాడు. ఆ పాపం ఎవరిది? నిజం చెబితే ఈ ఫోను మళ్లీ మోగదు. మోగకపోతే మోగకపోనీ అనుకుంది గానీ, అనుకునేసరికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అజయ్, ఇను. తాత లేడు. పోయినేడే సచ్చిపోనాడు. ఇన్నాళ్లూ నీకు సదివింది నానే. అది మంత్రం కాదు, నా సోది. నన్ను తిట్టుకో, మళ్లీ ఫోను సెయ్యకు. బేగి ఆసుపత్రికెల్లు."

పెట్టేశాడనుకుంది. ఫోను తీసి చూసుకుంటే నిమిషాల అంకెలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"తెలుసు మామ్మా," అన్నాడు వాడు చివరికి. "మంత్రంలో మేక ఈనడం ఉంటాదేటి?"

సిగ్గుతో సుక్రి మొహం వేడెక్కింది. సిగ్గు సంగతి తర్వాత, ముందు వీడి ప్రాణం. అన్నీ తెలిసి ఇంకా అక్కడే కూర్చున్నావేంట్రా అని కేకలేసింది. చెయ్యి ఎంత వాచిందో చెప్పమంది.

"సెయ్యి బాగానే ఉంది మామ్మా. నన్నేదీ కుట్టనేదు," అన్నాడు. వాడు ఇంతసేపూ ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసిందామెకి. "దిగిందంటే ఫోను పెట్టెయ్యాల గదా."