మూడు తొట్ల పాఠం

నాలుగోసారి కూడా అదే ప్రశ్న వచ్చేసరికి శ్రీరమ్య చేతిలో సుద్దముక్క విరిగింది.

"తొట్లలో పడకుండా నీళ్లని పక్కదారిన పంపాలంటే గొట్టం ఏ చోట తీస్తారండీ?" మూడో వరుసలో నిలబడి అడుగుతున్నాడు ఒక నడివయసు మనిషి.

గుంటూరు దాటాక హైవే పక్కనున్న పత్తిగింజల నూనె మిల్లు అది. మిల్లు షెడ్డులో మూడు రోజులుగా ఇరవైమంది ప్లంబర్లకు శిక్షణ జరుగుతోంది. మిల్లుల మురికినీళ్లు బయటి కాలవలో కలిసే ముందు మూడు తొట్లలో ఎలా శుభ్రపడాలో నేర్పడం ఇంజనీరు శ్రీరమ్య పని. మొదటి తొట్టి జిడ్డు పట్టుకుంటుంది. రెండోదాంట్లో మడ్డి అడుగున చేరుతుంది. మూడోదాంట్లో సున్నం కలిపితే నీళ్లలోని ఆమ్లం విరుగుతుంది. షెడ్డు వెనకాల ఉన్న మిల్లు తొట్లనే చూపించి పాఠం చెబుతోంది.

"నీళ్లు ఎలా శుభ్రం చెయ్యాలో నేను చెబుతుంటే, ఎలా ఎగ్గొట్టాలో మీరడుగుతున్నారా?" శ్రీరమ్య గొంతు పెరిగింది. "ఏ మిల్లువాళ్లు పంపారు మిమ్మల్ని?"

"నన్నెవరూ పంపలేదమ్మా. ఆ ఒక్కటీ చెప్పండి చాలు."

"ఏందయ్యా నీ గోల!" వెనక వరుసలోంచి అరిచాడు యలమంద. అక్కడున్న ప్లంబర్లందరిలో పెద్దవాడు అతనే. "కూర్చుంటావా, లేపి అవతల పడెయ్యమంటావా?"

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న మిల్లు మేనేజరు జయరావు తల ఊపాడు. "ఇట్టాంటోళ్ల వల్లేనండీ మిల్లులన్నిటికీ చెడ్డపేరు. బయటికి పంపండి మేడమ్."

శ్రీరమ్య హాజరుపట్టీ తెరిచింది. "మీ పేరేంటి? కొట్టేస్తాను."

"దాంట్లో ఉన్నది మా బావమరిది పేరండీ. నా పేరు బుడాన్. నేను ప్లంబర్ని కాదు."

షెడ్డంతా గొల్లుమంది. యలమంద కూడా నవ్వాడు. శ్రీరమ్యకు మాత్రం కోపం నషాళానికంటింది. "మరెందుకొచ్చారు? ఒక ప్లంబరుకి రావాల్సిన చోటు తినేసి, మూడు రోజుల నుంచి నా ప్రాణం తోడేస్తున్నారెందుకు?"

"ఎందుకా?" బుడాన్ కూడా గొంతు పెంచాడు. "నాది రెండెకరాల మిరపతోటమ్మా. బావి నీళ్లు పెడితే నారు మాడింది. మళ్లీ పోశా, మళ్లీ మాడింది. నీళ్లు తోడితే బొక్కెన నిండా జిడ్డు. ఆ నీళ్లు ముట్టుకుని మా ఆవిడ జానీబీకి మోచేతుల దాకా పుళ్లు. అర్జీ పెట్టా. ఆఫీసరు వచ్చాడు. మిల్లోళ్లు మూడో తొట్టి నీళ్లు సీసాలో పట్టి చూపించారు, అద్దంలాగా ఉన్నాయన్నాడు, పోయాడు. మూడు అర్జీలు పెట్టానమ్మా. మూడుసార్లూ అదే సీసా! మరి నా బావిలోకొచ్చే జిడ్డు ఆకాశం నించి పడతందా? మంచినీళ్లు చూపించడానికి తొట్లు, మురికి వదలడానికి వేరే గొట్టం. అది ఎక్కడ పెడతారో తెలిస్తే తవ్వి చూపిద్దామని వచ్చా."

నవ్వులు ఆగిపోయాయి.

 శ్రీరమ్య కోపం పోలేదు. బుడాన్ మీద నుంచి మిల్లువాళ్ల మీదికి మళ్లిందంతే. పెన్ను తీసింది. "ఏ మిల్లు అది? పేరు చెప్పండి. ఇప్పుడే రిపోర్టు రాస్తాను."

"పేరెందుకమ్మా? మీరు నిలబడింది ఆ మిల్లులోనే."

జయరావు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. రెండంగల్లో వచ్చి బుడాన్ చొక్కా పట్టుకున్నాడు. "ఎవడ్రా నువ్వు? మా అన్నం తింటా మా మీదే నిందలేస్తావా?"

"చెయ్యి తియ్యండి!" శ్రీరమ్య మధ్యలోకి వెళ్లింది. "తియ్యమంటున్నానా!"

"మా తొట్లు చూసింది మీరేగా మేడమ్? మూడు రోజుల నుంచీ, చేస్తే ఇట్టా చెయ్యాలని వీళ్లందరికీ చెప్పింది మీరేగా?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. నిన్ననే మూడో తొట్టిలో చెయ్యి ముంచి, తేటగా ఉన్న నీళ్లని ఇరవైమందికీ చూపించింది.

"తవ్విద్దాం," అంది పళ్లు బిగబట్టి. "ఇప్పుడే."

"తవ్వించండి! ఆరెకరాల మిల్లు. ఎక్కడ తవ్విస్తారు?" జయరావు కుర్చీ లేపి, దులిపి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "గొట్టం దొరక్కపోతే మాత్రం మీ ఉద్యోగం ఉండదు. వీడు జైలుకి పోతాడు. ఊరికే వదలను."

శ్రీరమ్య బుడాన్ వైపు చూసింది. "ఎక్కడుందో మీకేమైనా అంచనా ఉందా?"

"తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తానమ్మా?" అన్నాడు బుడాన్. కోపానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

జయరావు నవ్వాడు. 

వెనక వరుసలో బెంచీ కిర్రుమంది. యలమంద లేచి, గోడకానించిన గడ్డపార చేతిలోకి తీసుకున్నాడు.

"యలమందా, కూర్చో," అన్నాడు జయరావు. ఆ గొంతులో ఇందాకటి ధాటి లేదు.

యలమంద అతనివైపు చూడలేదు. బుడాన్ మొహంలోకి చూడలేక తల వంచుకుని, శ్రీరమ్యతో అన్నాడు.

"ఆరెకరాలూ తవ్వక్కర్లేదు మేడమ్. మొదటి తొట్టి పక్కన, మూడడుగుల లోతున ఉంది. బిగించింది నేనే."