చీమ

"ఇది నా పళ్ళెం," అన్నాడు యజమాని, ఫోను తెర మీద వేలు పెట్టి.

డిజైనర్ వంగి చూశాడు. స్టీలు పళ్ళెం, అంచున చిన్న సొట్ట. మెతుకు లేదు, మరక లేదు. ఆఫీసులో సొట్ట పళ్ళెం ఒక్కటే, అది యజమానిదే. ఆయన ఏనాడూ పళ్ళెం ఖాళీ చేసి లేవలేదన్న సంగతి కూడా అందరికీ తెలిసిందే.

భోజనం తెప్పించుకునే ఆప్ ఒకటి వాళ్ళు తయారుచేస్తున్నారు. భూమికి బరువు కాని భోజనం అని దాని ప్రచారం. కూరగాయలు ఎంత దూరం నుంచి వచ్చాయో, ఎన్ని నీళ్ళు తాగాయో ప్రతి వంటకం కిందా కనిపిస్తుంది. తిని ఖాళీ చేసిన పళ్ళెం ఫొటో పంపితే ఒక పచ్చని ఆకు వస్తుంది. ఆ ఆకు ఆలోచన డిజైనర్‌ది. విడుదలకు ముందు ఆఫీసు మధ్యాహ్న భోజనాల మీదే నెల రోజులు పరీక్ష పెట్టారు. పనిచేసేవాళ్ళు ఎవరైనా మారుపేరుతో చేరవచ్చు. ఎక్కువ ఆకులు సంపాదించినవాళ్ళకి ఆరు నెలలు ఇంటికే ఉచితంగా భోజనం.

ఇవాళ ఆఖరి రోజు. 'చీమ' అనే పేరు అందరికన్నా పైన ఉంది. రోజుకి మూడు, నాలుగు ఫొటోలు. రోజుకి ఒకటే అన్న హద్దు పెట్టడం డిజైనర్ మరిచిపోయాడు.

ప్రోగ్రామర్ ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాడు. ప్రతి దాంట్లో ఓ మూల అదే కుళాయి ఉంది. ఈ చీమ మన సింకు దగ్గరే కాపురముంటోందని నవ్వాడు.

యజమాని నవ్వలేదు. పళ్ళాలు కడిగే మనిషి అందరి ఎంగిలీ కాలవలో పోసేసి, కడిగిన పళ్ళెం ఫొటో తీసి బహుమతి కొట్టేద్దామనుకుందని ఆయనకి అర్థమైంది. తిండి పారేసేవాళ్ళని చూస్తే తనకి కడుపులో తిప్పుతుందన్నాడు. ఇద్దర్నీ వెంటబెట్టుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కడిగే గదికి నడిచాడు.

గదిలో తడి గుడ్డ వాసన, చల్లారిన నూనె వాసన. మధ్యాహ్నం పళ్ళాలు సింకు పక్కన దొంతరగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన సొట్ట పళ్ళెం. సగం భోజనం అలాగే ఉంది. అంచు చుట్టూ నమిలి ఉమ్మిన పీచు. పులుసులో నానిపోయి, మూతీ ముక్కూ తుడుచుకున్న కాగితం ఒకటి. డిజైనర్ చూపు తిప్పుకుంటే కింది పళ్ళెం కనపడింది. అది తనదే. తనూ పెద్దగా ఏమీ తినలేదు.

పళ్ళాలు కడిగే ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. డిజైనర్ గోడకి ఆనుకోవడం చూసి తన స్టూలు అతని వైపు జరిపింది.

"చీమ ఎవరు?" అన్నాడు యజమాని.

"నేనే సార్."

"భోజనాల లిస్టులో నీ పేరే లేదు. నీకు పళ్ళెం ఎక్కడిది?"

ఆయన బదులు కోసం ఆగలేదు. బహుమతి సంగతి మరిచిపొమ్మన్నాడు, రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు. వెళ్ళేముందు కాలవ మాత్రం తనే శుభ్రం చేసి పోవాలన్నాడు. నెల రోజుల తిండి అందులోనే కుళ్ళి ఉంటుందట.

చెత్త బకెట్టు చూడమని డిజైనర్‌కి చెప్పాడు. అతను మూత తీశాడు. పిండేసిన నిమ్మ తొక్కలు, పళ్ళు కుట్టుకున్న పుల్లలు, కాగితాలు. అంతే. ప్రోగ్రామర్ ముఖం చిట్లించుకుంటూ కాలవ మీది జల్లెడ లేపాడు. కింద సబ్బు నీళ్ళు తేటగా పారుతున్నాయి. గింజ కూడా లేదు.

"ఎందుకక్కా ఇదంతా?" అన్నాడు డిజైనర్ మెల్లగా.

"ఆరు నెలలు ఇంటికే వేడివేడిగా వస్తుందంటే ఆశపడ్డాను తమ్ముడూ," అంది. తప్పు చేసిన మనిషి గొంతులా లేదది. గెలిచే మనిషి గొంతులా ఉంది. అదే యజమానికి ఒళ్ళు మండించింది.

సిగ్గుండాలన్నాడు. ఇలాంటి మోసం వల్లే మంచి పని దేనికీ జనంలో నమ్మకం లేకుండా పోతోందన్నాడు. ఆవిడ తల వంచుకుని, కుళాయి నుంచి బొట్లు పడుతుంటే గట్టిగా తిప్పి కట్టేసింది.

"ఆఖరిసారి అడుగుతున్నా. ఎక్కడ పారబోశావ్?"

"ఒక్క గింజ కూడా పారబొయ్యలేదు సార్. ప్రతి ఫొటో తిన్నాకే తీశాను," అందావిడ. "మీ పళ్ళెం మాత్రం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, మెట్లూడ్చే మా అత్తని పిలుచుకునేదాన్ని."