ఏలికపాముల మందు

"అమ్మా, ఆ పెట్టని ఒకసారి చూడనిస్తావా?"

దడి అవతల నిలబడి అడిగాడు తెల్లచొక్కా పెద్దమనిషి. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ ఇసుకలో నడిచి వచ్చినట్టున్నాడు, చెమటలు కారుతున్నాయి.

పేరమ్మ చీపురు పక్కన పడేసింది. పశువుల డాక్టరు ఈ వారంలో పాళేనికి వస్తాడని గ్రామసేవకుడు చెప్పి పోయాడు.

"డాక్టరుగారా! ఇప్పటికి దయ కలిగిందా సామీ?"

అతను ఏదో చెప్పబోయాడు. పేరమ్మ చెప్పనివ్వలేదు.

"తుఫానుకి మా ఆయన తెప్ప ముక్కలై పొయ్యింది. కొత్తది కట్టుకునేదాకా గుడ్లమ్ముకోని గంజి తాగదామంటే, ఇయ్యి చూడు, ఎట్టా కునుకుతా ఉండాయో!"

అతను లోపలికొచ్చి పెట్టని ఎత్తుకున్నాడు. రొమ్ముటెముక చేతికి కత్తిలా తగిలింది. నెత్తిమీది ఎర్రజుట్టు పాలిపోయింది.

"మేత తింటా ఉండాదా?"

"తినకేం! వొంటికే పట్టదు."

పుల్లతో రెట్ట కదిపి చూపించాడు. తెల్లటి సన్నని పురుగులు.

"ఏలికపాములమ్మా. నువ్వేసే మేతంతా వాటికే."

పేరమ్మ నీరుగారిపోయింది.

"మజ్జేనం కోళ్ళ బేరగాణ్ణి రమ్మని కబురంపినా. ఎంతిస్తే అంతకి ఇచ్చేస్తా."

"ఇవ్వొద్దు."

"నీకేం సామీ, చెప్తావు! చచ్చినాక వాడు గూడా కొనడు. వాణ్ణి నేను చూళ్ళేదు గానీ, చిక్కిన కోడి కనపడితే వాడికి పండగంట. పేదోళ్ళ ఉసురు పోసుకునే రకం!"

అతను తలొంచుకుని సంచి విప్పాడు.

"పొద్దున్నించీ నీళ్ళు పెట్టినావా?"

"లేదు."

"మంచిదే. దప్పిక మీద బాగా తాగుతాయి."

మూకుట్లో నీళ్ళు పోసి తెల్లటి పొడి కలిపాడు. కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ చేరాయి. వాటిల్లో లేవలేక పడున్న ఒక పెట్టని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తెరిచి చుక్కచుక్కగా తనే పట్టాడు. తర్వాత చొక్కా విప్పి దడికి తగిలించాడు. గూట్లోకి దూరి పాత గడ్డంతా లాగి తగలబెట్టాడు. సున్నం చల్లాడు.

"రెట్ట ఏ పూటకాపూట ఎత్తి పూడ్చిపెట్టు. నెల తిరక్కముందే ఇంకోసారి పట్టాల."

మరో పొట్లం ఆమె చేతిలో పెట్టి, తాగడానికి నీళ్ళడిగాడు.

పేరమ్మ చెంబుతో ఇచ్చింది. ఎండన పడి పోతున్న మనిషిని గంజి తాగి పొమ్మని కూడా అనలేదు. సర్కారు జీతం తీసుకునేవాడు ఈ మాత్రం చెయ్యొద్దా అనుకుంది.

బేరగాడు ఆ రోజు రానేలేదు. పీడా పోయిందనుకుంది.

వారం గడిచేసరికి కోళ్ళు రెక్కలు విదిలించాయి. జుట్లు ఎర్రబడ్డాయి. ఆ లేవలేని పెట్టే అందరికంటే ముందు గుడ్డు పెట్టి పాళెమంతా వినబడేలా అరిచింది. గుడ్ల మీదే ఇల్లు గడిచింది. ఎండలు ముదిరేలోపు పేరమ్మ మొగుడు నరసయ్య కొత్త తెప్ప సముద్రంలోకి దించాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఇప్పుడు పేరమ్మే కోళ్ళకి మందు పట్టడం నేర్పుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మనిషికి తను ఒక్క మంచి మాటైనా చెప్పలేదని. బుట్టలో ఊక పోసి, గుడ్లు పేర్చుకుని పశువుల ఆస్పత్రికి పోయింది.

డాక్టరుగారి మందుతో కోళ్ళు బతికాయని చెబితే కాంపౌండరు వింతగా చూశాడు.

"తుఫాను వానలకి దారి తెగి డాక్టరుగారు మీ పాళేనికి రాలేకపొయ్యిరి గదమ్మా!"

"మరి మందిచ్చింది ఎవురయ్యా? నడీడు మనిషి. ఎడమకాలు ఈడుస్తాడు."

కాంపౌండరు నవ్వాడు.

"ముత్యాలయ్య! మందు కోసం ఈడికే వచ్చేవోడు. ఇప్పుడు లేడులే, ఉన్నదంతా సర్దుకోని మద్రాసులో కూతురు కాడికి పొయ్యినాడు."

"ఆయన గూడా డాక్టరేనా?"

"డాక్టరేందమ్మా! చిక్కిన కోళ్ళు చవగ్గా కొని, ఈ మందేసి మేపి, నెల్లూర్లో అమ్ముకునే బేరగాడు. ఆ రోజు మీ పాళేనికి వచ్చినాడంటే నీ కోళ్ళు కొనేదానికే వచ్చుంటాడు."