కిటికీలో ఎర్రబల్బు

రాయి వచ్చి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది.

షీబా వంటగదిలోంచి పరుగున వచ్చింది. ముందు చూసింది కిటికీ పక్కనున్న గాజుపెట్టెనే. అది పగల్లేదు. లోపల ఎర్రబల్బు వెలుగులో కొమ్మ మీద పడుకున్న సొలొమోను ఒక కన్ను తెరిచి, ఏమిటీ గోల అన్నట్టు చూసి, మళ్లీ మూసుకున్నాడు.

సొలొమోను ఆకుపచ్చ ఇగ్వానా, పెద్ద బల్లిలాంటి పెంపుడు జంతువు. మూరెడు ఒళ్లు, దానికి రెండింతలు తోక.

షీబా వీధి తలుపు తీసి అరిచింది.

"ఎవడ్రా అది? దమ్ముంటే ముందుకొచ్చి విసరండి!"

నెల్లిమర్ల జూట్‌మిల్లు వెనక వీధి. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఎదుటి అరుగు మీద మాత్రం పైడమ్మ కూర్చుని ఉంది. ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఈమధ్యే వచ్చి ఆ ఇంటి వెనక పాకలో దిగిన ముసలమ్మ. పొద్దు వాలితే చాలు, ఆ అరుగెక్కి ఇటే చూస్తుంటుంది.

"ఎవరు విసిరారు?"

"సూడనేదు గుంటా."

"రోజూ ఇటే చూస్తావు. రాయి మాత్రం కనబడలేదా?"

పైడమ్మ కొంగు భుజాల మీద కప్పుకుని, మళ్లీ కిటికీ వైపే చూసింది.

మర్నాడు వీధి పెద్దమనిషి గణపతిరావు వచ్చాడు. వెనకే పక్కింటి తాయారు. ఆమె చంకలో జ్వరంతో మూలుగుతున్న కూతురు.

"సిస్టరమ్మా, ఆ ఎర్రలైటు తీసీ."

"ఎందుకు?"

"వీధిల పిల్లలందరూ జొరాల పడ్డారు. నువ్వు బల్లినెట్టుకుని సిల్లంగి సేస్తన్నావంటన్నారు."

చిల్లంగి అంటే చేతబడి. ఆ ముద్ర పడిన ఆడవాళ్లను ఊళ్లు ఏం చేస్తాయో షీబాకు తెలుసు. ఆస్పత్రిలో నర్సుగా అలాంటివాళ్లకు కట్లు కట్టింది.

భయాన్ని మాత్రం మొహంలోకి రానివ్వలేదు.

"ఇది వేడిదేశం జంతువు. పగలు తెల్లబల్బు కింద ఎండ కాచుకుంటాది. రాత్రి వేడి కావాలి, వెలుగు ఉండకూడదు. తెల్లబల్బు వేస్తే నిద్రపోదు, అందుకే ఎర్రది. ఈ డిసెంబరు చలిలో అదీ ఆర్పేస్తే తిన్నది అరక్క చచ్చిపోతాది."

"మరి నువ్వు తాళమేసి డ్యూటీకెళ్లినప్పుడు దాన్ని ఎవులు ఆర్పుతన్నారు? ఎవులు ఎలిగిస్తన్నారు? నా కళ్లతో సూసినాను. ఎలుగుతాది, ఆరుతాది, మళ్లీ ఎలుగుతాది."

"థర్మోస్టాట్ అని చిన్న డబ్బా. పెట్టెలో వేడెక్కితే ఆర్పుతుంది, చల్లబడితే వెలిగిస్తుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ తనంతట తాను ఆగి, మళ్లీ గుర్రుమనదా? అదీ సిల్లంగేనా?"

"ఫ్రిజ్జిని సూసి ఎవులికీ జొరం రానేదు" అంది తాయారు.

"నీ పిల్లకి రక్తపరీక్ష చేయించమన్నాను. చేయించావా?"

తాయారు తల తిప్పుకుంది.

"పోనీ, కిటికీకి పరదా కట్టీ" అన్నాడు గణపతిరావు.

"కట్టను. నా ఇంట్లో దీపానికి ముసుగెందుకు?"

"ఆదివారం పొద్దుగూకేసరికి అది ఎలిగిందంటే మేమే వచ్చి బద్దలు కొడతాం."

"రండి. తలుపు తీసే ఉంచుతాను."

ఆ రోజు నుంచి గుమ్మంలో పసుపు పూసిన నిమ్మకాయలు పడసాగాయి. షీబా వాటిని కడిగి, కోసి, ఉప్పు కలిపి జాడీలో వేసింది.

"ఇంకా విసరండి! జాడీ నిండలేదు!" అని వీధంతా వినేలా అరిచింది.

శనివారం సాయంత్రం పైడమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఓపాలి సూడొచ్చా?"

"చూసుకో."

ముసలమ్మ గాజుపెట్టె ముందు చతికిలబడింది. ఎర్రబల్బు ఆరింది. కాసేపటికి వెలిగింది. సొలొమోను వంక, షీబా వంక మార్చి మార్చి చూసింది.

"ఆర్పీస్తే సచ్చిపోతాదా?"

"పోతాది."

"ఎవులొచ్చినా ఆర్పవా?"

"ఆర్పను. వెళ్లి చెప్పు, నిన్ను పంపినవాళ్లకి. వీధంతటికీ చెప్పు!"

"సెప్తాను" అని, చీర దులుపుకుని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దుగూకింది. తెల్లబల్బు ఆరింది. ఎర్రది వెలిగింది.

షీబా తలుపు బార్లా తీసి, రోకలి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుంది. రోకలిని గట్టిగా పట్టుకుంది.

ఎవరూ రాలేదు.

గణపతిరావు ఒక్కడే అటుగా వచ్చి, తల వంచుకుని దాటిపోయాడు.

"చూశావా సొలొమోనూ?" అంది షీబా లోపలికి వచ్చి. "ఎదురు నిలబడితే ఇంతే. తోక ముడిచేశారు."

తెల్లారి గుమ్మంలో నిమ్మకాయల్లేవు.

పైడమ్మ మూట నెత్తిన పెట్టుకుని వీధి దాటుతూ కనబడింది. నుదుటికి పాతగుడ్డ చుట్టుకుంది. గుడ్డ తడిగా, ఎర్రగా ఉంది. కట్లు కట్టడమే షీబా పని. అయినా పిలవలేదు.

వేగులమారి పీడ వదిలింది, అనుకుంది.

వారం తిరక్కుండానే తాయారు వచ్చింది. చంకలో కూతురు కేరింతలు కొడుతోంది.

"బల్లిని సూపించమని మా గుంట ఒకటే పేచీ, సిస్టరమ్మా."

"ఇప్పుడు భయం లేదా?"

"తప్పైపోనాది. ఒట్టినే నిన్ను అనుమానించినాం. ఆదివారం మావోళ్లు కర్రలట్టుకుని నీ ఇంటికే బయలెల్లినారు. దార్ల పైడమ్మ అడ్డంగా నిలబడిపోనాది. దాన్నే కొట్టి, ఊరొదిలి పొమ్మన్నారు."

షీబా ఖాళీగా ఉన్న ఎదుటి అరుగు వైపు చూసింది.

"ఎక్కడికెళ్లింది?"

"ఎవులికి తెలుసు? ఏ ఊరోళ్లు రానిస్తారు దాన్ని?"

"అడ్డం నిలబడితే కొట్టేస్తారా? అంత మాట ఏమంది?"

తాయారు వీధి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"'ఆ గుంటది ఉత్త దీపమే, దాన్ని ఒగ్గియండి, సిల్లంగి పెట్టింది నాను' అని అందరి ముందూ తనే ఒప్పీసుకున్నాది, సిస్టరమ్మా."